వడ్ల కుప్ప మీద నా గుడారం

ఇద్దరు పడుకోవచ్చని, మంచు తప్ప ఏ వాతావరణాన్నైనా తట్టుకుంటుందని చెప్పి ఆ గుడారాన్ని ఢిల్లీలో నాకు అంటగట్టారు. ఎనభైల్లో ఒక వేసవిలో దాన్ని మోసుకుని వరంగల్ దాటి పాలంపేట వెళ్ళాను. మల్లయ్య అనే రైతు తన కల్లం పక్కన వేసుకోమన్నాడు. ఇద్దరి సంగతి దేవుడెరుగు, నా ఒక్కడి కాళ్ళే బయటికొచ్చాయి.

సాయంత్రం ఉన్నట్టుండి వాన మొదలైంది. నేను లోపల ఉండగానే మల్లయ్య పరుగున వచ్చి, గుడారం మీద వానకు కప్పే పైగుడ్డను విప్పి లాక్కుపోయాడు. నూర్చి పోసిన వడ్ల కుప్ప మీద పరిచాడు. లోపలి పల్చటి గుడ్డలోంచి నీళ్ళు నా నెత్తిన కారాయి.

"అడక్కుండా తీసుకుపోతావా?" అని బయటికొచ్చి అరిచాను.

"నువ్వు తడిస్తే ఆరుతవ్ సారూ. వడ్లు తడిస్తే మొలకలొస్తయ్. జర ఆ కొస పట్టు!"

కుప్ప మీద పక్కింటి ముసలమ్మ దుప్పటి కూడా ఉంది. ఆమె చూరు కింద వణుకుతూ నిలబడి నవ్వింది. "నన్ను గూడ అడగలే బిడ్డా."

నేను కొస పట్టుకున్నాను. పొద్దునకి వడ్లు పొడిగా ఉన్నాయి, నాకు జలుబు పట్టింది. మల్లయ్య నోట ఒక్క మంచి మాట రాలేదు.

ఆ సాయంత్రం మళ్ళీ మబ్బేసింది. ఈసారి మల్లయ్య పొలం నుంచి రాకముందే నేనే పైగుడ్డ విప్పి కుప్ప మీద కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాను. ఆయన ఆయాసపడుతూ వచ్చి కుప్ప చుట్టూ తిరిగి చూశాడు.

"ఈ మూలకు సరిగ్గ కప్పలే సారూ."

సరిగ్గానే కప్పాను. ఇప్పటికీ అదే అంటాను.