అతికించిన గులాబీ

ప్రేమికుల రోజంటే ముళ్ళక్కకి ఒళ్ళంతా కంపరం. పూలకొట్టు నడుపుతుంది, నోరు తెరిస్తే గుచ్చే మాటే మాట్లాడుతుంది కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరది. ఏడాది పొడవునా పువ్వు వంక చూడనివాళ్ళంతా ఆ ఒక్కరోజు తోసుకుంటూ వచ్చి ఎర్రగులాబీయే కావాలంటారు. పసుపుది చూపిస్తే పామును చూపించినట్టు వెనక్కి జరుగుతారు. ఎర్ర రిబ్బన్లు, ఎలుగుబంటి బొమ్మలు, గుండె ఆకారం చాక్లెట్లు. మర్నాటికి సగం కాలవలో తేలతాయి. థూ, ఏం ప్రేమలో ఏమో.

ఈ తంతు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఓసారి కొట్టుకొచ్చిన కాలేజీ పిల్లనడిగింది. రాజు వద్దన్నా వినకుండా సిపాయిలకి చాటుగా పెళ్ళిళ్ళు చేసిన మతగురువొకాయన ఉండేవాడట, పట్టుకుని తల నరికించారట, ఆయన పేరు మీదే ఈ రోజని చెప్పుకుంటారట.

"బాగుంది సంబడం. ఆయన తల పోగొట్టుకున్నాడు, వీళ్ళు చాక్లెట్లు తింటున్నారు," అంది ముళ్ళక్క.

అందుకే ఆ రోజు కొనేవాళ్ళంటే ఆమెకి జాలి లేదు. పాత గులాబీల పైరేకులు ఒలిపించి, ఊడబోయేవాటికి అడుగున జిగురు పెట్టించి, నీళ్ళు చిలకరించి అమ్మేస్తుంది. వెనకగదిలో కూర్చుని ఆ అతికించే పని చేసేది చెల్లెలు. అమ్మానాన్నా పోయాక ముళ్ళక్కే పెంచింది. ముప్పై దాటినా సంబంధం కుదరక, ఆ పిల్లే ఆమె గుండెల మీద కుంపటైంది.

ఈసారి మధ్యాహ్నం ఎదురుకొట్టు టైలరు వచ్చాడు. నెమ్మదస్తుడు. మెడలో టేపు తీయకుండానే నిలబడి, "మంచి గులాబీ ఒకటి మీ చేత్తో ఇవ్వండక్కా," అన్నాడు.

"నీకూ పట్టిందా ఈ పిచ్చి?" అని మొహం చిట్లించి, చేతికందిన అతుకుల పువ్వే చుట్టి ఇచ్చింది.

సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మళ్ళీ వచ్చాడు. ముళ్ళక్క చూస్తుండగానే, వెనకగది గుమ్మంలో నిలబడ్డ చెల్లెలికి ఆ గులాబీ అందించాడు. ఆమె అందుకోగానే రేకులన్నీ జలజలా రాలిపోయాయి. చేతిలో ఉత్త కాడ మిగిలింది.

టైలరు ముళ్ళక్క వైపు తిరిగాడు. "ఎవరికోసమో మీకు తెలుసనుకున్నానక్కా. మీ చేత్తో ఇమ్మన్నది మీరు ఒప్పుకుంటారో లేదో చూద్దామనే. ఇష్టం లేకపోతే నోటితోనే చెప్పొచ్చుగా," అని వెళ్ళిపోయాడు.

చెల్లెలు కాడ చివర జిగురు మరక చూసుకుంది. "నేను అతికించిందే," అంది. "అతని సంగతి నీకు ఎన్నోసార్లు చెబుదామనుకున్నా. ప్రేమ పేరెత్తితే ఉమ్మేస్తావు. ఏమని చెప్పనక్కా?"

చేతులు పాతగుడ్డకి తుడుచుకుని, అతని వెనకే వీధిలోకి దిగింది.

ముళ్ళక్క ఒక్కతే మిగిలింది. కుళ్ళిన కాడల నీళ్ళు, జిగురు. ఇన్నేళ్ళుగా పీలుస్తున్న వాసనే, ఇవాళ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. జనమందరి మీదా పడ్డ అసహ్యం తిరిగి తిరిగి తన మీదే పడింది.

అప్పుడే ఒకాయన వచ్చి బకెట్లోకి తొంగిచూసి, "తాజావేనా?" అన్నాడు.

"కాదు," అంది. "వేరే కొట్లో కొనుక్కో నాయనా."