తాడు లేకుండా పిలిచాను

దెయ్యం కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. సగం తాగుబోతులు, సగం పిరికిపందలు. అయినా ఇది చెబుతున్నాను... నేను పట్టిన తాడు మీద ఒట్టు, జరిగింది. ఆగి ఆగి చెబుతాను. పక్షవాతం వచ్చాక నా మాట ఇంతే.

మైపాడులో పెద్దవల లాగేటప్పుడు పిలుపు నాది. నేను "హైలెస్సా" అంటే, తాడు పట్టిన ఇరవై మందీ "హైలెస్సా" అని ఒక్కసారిగా లాగేవాళ్ళు. జబ్బుతో అన్ని మాటలతో పాటు అదీ పోయింది. ఇప్పుడు నా తమ్ముడు పిలుస్తున్నాడు. పిలుపా అది? మేక అరుపు. నా చోటు నాకు మళ్ళీ కావాలి.

అందుకే ఈ ఫోన్ వైద్యం. పోయిన మాట మళ్ళీ నేర్పడానికి నెల్లూరు నుంచి ఒక అమ్మాయి సాయంత్రం ఏడింటికి వీడియోలో కనబడుతుంది. పాతికేళ్ళుండవు. "అంకుల్, బుగ్గలు ఉబ్బించండి. ఆ... ఈ... ఊ..." ఈ వయసులో నాకు కోతి వేషాలు!

ఆ రోజు మా ఆవిడ ఫోన్‌ను ఉప్పు జాడీకి ఆనించి, అల్లూరు పెళ్ళికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే. వేట నిషేధం రోజులు... పడవలన్నీ ఒడ్డునే. మా వాకిలి ముందు తీరంలో మనిషి లేడు.

"వల దగ్గర ఏమనేవాళ్ళు అంకుల్? అది అనండి."

తాడు చేతిలో లేకుండా పిలవకూడదని, పిలిస్తే సముద్రంలో పోయినవాళ్ళు అందుకుంటారని మా అమ్మ అనేది. చాదస్తం. నోరు తెరిచాను. హై... హై... లె...

"హైలెస్సా!"

వచ్చింది. నా పాత గొంతే. ఏడుపొచ్చేసింది.

అప్పుడు... సముద్రం వైపు నుంచి...

"హైలెస్సా..."

చాలా గొంతులు. తడి ఇసుకలో మడమలు దిగిన చప్పుడు. తాడు బిగుస్తున్న కిర్రు... కిర్రు... నా కుర్చీ జానెడు వాకిలి వైపు జరిగింది. జరిగిందా... నేనే అదిరిపడ్డానా... ఇప్పటికీ తెలియదు.

"ఎవరంకుల్ అంతమంది? భలే అందుకున్నారే!" ఫోన్‌లో అమ్మాయి నవ్వుతోంది.

టార్చి వేసి చూశాను. ఖాళీ ఇసుక.

తమ్ముడికి చెప్పాను. "ఇంక పిలవబాకన్నా. నేనుండానుగా" అన్నాడు. వాడి సంబరం వాడిది.

నిషేధం అయిపోయింది. నిన్న వల దగ్గర కుర్రాళ్ళు నా మొహం చూశారు. "పిలువు పెద్దాయనా, నీకు మాటొచ్చిందంట గదా!"

మాట నాలుక మీదే ఉంది. కానీ అందుకునేది వీళ్ళో... వాళ్ళో...

తల అడ్డంగా ఊపాను. మేక అరుపుకే అందరితో పాటు తాడు పట్టాను. పిరికిపందలని ఇంతమందిని తిట్టినవాణ్ణి... నన్ను చూస్తే నాకే రోత.