అమావాస్య నాటి కొలత

మా మేడమ్ పోయారు. ఉగాది వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను విజయవాడలో మా కాలేజీ స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఫోన్ పెట్టేసి ఇంకో రెండు పేపర్లు దిద్దాను. ఏం దిద్దానో తెలియదు. మర్నాడు వాటికి మళ్లీ మార్కులు వేయాల్సి వచ్చింది.

నోటీసు బోర్డు మీద ఆవిడ ఫోటో కింద "ప్రశాంతంగా కన్నుమూశారు" అని అతికించారు. ఎవరు రాశారో గానీ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు మాత్రం కాదు. ఇదే కాలేజీలో ముప్ఫై ఏళ్లు నీటి లెక్కల పాఠం చెప్పిన ఆ మనిషి ప్రశాంతంగా ఏ ఒక్క పనీ చేయగా నేను చూడలేదు. ఆసుపత్రిలో ఆఖరి వారం కూడా సెలైన్ చుక్కలు లెక్కపెట్టి, సీసా ఎన్నింటికి అయిపోతుందో నర్సుతో వాదించారట. "మేడమ్ గారు చెప్పిన టైముకే అయిపోయిందండీ" అని ఆ అమ్మాయే నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

మాది మంగళగిరి. నాన్న నూలుకు రంగులద్దుతాడు. మా వీధి వెనక ఒక చిన్న వాగు ఉంది. కొండ వైపు నుంచి వచ్చి, మా వీధి మురుగును కలుపుకొని, రోడ్డు కింద తూములోంచి పల్లానికి పోతుంది. చిన్నప్పటి నుంచీ దాన్ని చూస్తున్నా అది వాగని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అనిపించేలా చేసింది మేడమ్.

క్లాసులో సగం మంది సాఫ్ట్‌వేర్ కోచింగ్ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆవిడకు అది తెలుసు. ఒకరోజు పాఠం మధ్యలో ఆపి, "వాన వెలిసి నెలైంది. వాగులో ఇంకా నీళ్లున్నాయి. ఎక్కడివి?" అని అడిగారు. "ఎగువన వాన పడుంటుంది మేడమ్" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. "పైకి చూడకు నాయనా, కిందకి చూడు" అన్నారావిడ. వాన నీళ్లు నేలలోకి ఇంకి, లోపల నెలల తరబడి నడిచి, వాగు గట్టు దగ్గర మళ్లీ బయటికి ఊరతాయనీ, వాగు నీళ్లలో ఆ వాటా ఎంతో తేల్చడమే అసలు విద్య అనీ చెప్పారు. ఆ శనివారం మమ్మల్ని సిటీ బస్సెక్కించి మా వాగు దగ్గరికే తీసుకొచ్చారు. తింటున్న బత్తాయి తొక్క నీళ్లలో వేసి, "దాని వెనకాలే నడవండి, ఎన్ని సెకన్లలో ఎంత దూరం పోతుందో చూడండి" అన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని తొక్క వెనక పరుగెత్తే మమ్మల్ని చూసి మా వీధంతా నవ్వింది.

రిటైరయ్యాక కూడా ఆవిడ సంచీలో రెండే ఉండేవి: ఖాళీ నీళ్ల సీసాలు, నీటిలో ఉప్పెంతుందో చెప్పే మీటరు. వన్ టౌన్‌లో వాళ్లింటి మెట్ల మీద సీసాలు వరసగా పేర్చి ఉండేవి. ఎవరైనా పాత సామాన్ల వాడికి వేయమంటే కస్సుమనేవారు. "సున్నా కూడా కొలతే. కొలవకుండా సున్నా రాయకూడదు" అని మాకు వందసార్లు చెప్పి ఉంటారు.

ఆ మాట విలువ నాకు కిందటేడు తెలిసింది. మా వాగు పక్కన లేఅవుట్ వేస్తున్నవాళ్లు, దాన్ని గొట్టాల్లో పెట్టి పైన రోడ్డు వేస్తామని మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టుకున్నారు. అది వాగు కాదట, వానొస్తే పారే కాలువట. సొంత నీరు లేదట. కాగితం మీద "సొంత ప్రవాహం: సున్నా" అని రాసేశారు. కొలిచిన పాపాన ఎవరూ పోలేదు. మేడమ్ అభ్యంతరం రాసి ఆఫీసుకు పంపారు. అప్పటికి నేనూ లెక్చరర్‌నయ్యాను. కొలత పని నాకు అప్పజెప్పారు.

పద్ధతి తేలికే. వాన నీటిలో ఉప్పులు తక్కువ. నేలలో నాని వచ్చిన నీటిలో ఎక్కువ. వాగు నీరు ఆ రెండింటికీ మధ్య ఎక్కడుందో చూస్తే నేల వాటా తెలుస్తుంది. కార్తీకంలో తుపాను వాన వెలిశాక పది రోజులు తూము దగ్గర మీటరు ముంచాను. పది పాళ్లలో ఆరు పాళ్లు నేల నీరే అని తేలింది. ఎగిరి గంతేశాను. ఒక్క రోజు మాత్రం అంకె సగానికి పడిపోయింది. మీటరు మొరాయించిందనుకుని ఆ రోజును కొట్టేశాను.

మేడమ్ నోటుబుక్కు తిరగేసి ఆ కొట్టివేత దగ్గర వేలు పెట్టారు. "ఇదెందుకు కొట్టేశావు?"

"మీటరు తప్పు చూపించింది మేడమ్."

ఆవిడ లేచి గోడకున్న క్యాలెండర్ చూశారు. "అమ్మాయ్, మీ వీధిలో మగ్గం ఎప్పుడు ఆగుతుంది?"

ఆ రోజు అమావాస్య. మా వీధిలో అమావాస్యకు మగ్గం ఆడదు, అద్దకం పొయ్యి వెలగదు. మిగతా రోజులన్నీ రంగు నూలును పట్టుకోవడానికి తొట్లలో ఉప్పు పోస్తాం. ఆ నీళ్లే మురుగులో కలిసి వాగులోకి పోతాయి. నేను నేల నీరని మురిసిపోయింది మా నాన్న తొట్టి నీళ్లను చూసి. రంగుల ఇంట్లో పుట్టి అమావాస్యను మీటరు తప్పనుకున్నానంటే నాకంటే మొద్దు మా వంశంలో ఉండదు.

"కొట్టేసిన రోజే నిజం. మిగతా తొమ్మిదీ కొట్టేయ్" అన్నారు మేడమ్. ఆరు పాళ్లు మూడు పాళ్లయ్యాయి. తొట్టి నీళ్ల సంగతి విచారణలో ఎత్తొద్దని నేను బతిమాలాను. అవతలివాళ్లకు ఆ సంగతి తెలిసే దారే లేదు. ఆవిడ వినలేదు.

విచారణ రోజు ఆఫీసరు ముందు నిలబడి, మా తప్పు మా నోటితోనే చెప్పేశారు. లేఅవుట్ ఇంజనీరు పకపకా నవ్వాడు. "అంటే మూడు పాళ్లేనాండీ?"

"మూడేనండీ, అదీ ఒక్కరోజు లెక్క. కానీ మిగతా ఏడూ పదిహేను రోజుల్లో పోతాయి. వేసవి దాకా ఉండేది ఈ మూడే" అన్నారావిడ. ఆఫీసరు, అయితే మండు వేసవిలో అందరి ఎదుటా తూము దగ్గరే కొలవండి, నీరుంటే వాగు, లేకపోతే గొట్టాలు అని తేల్చాడు. అమావాస్య రోజే కొలవాలని మేడమ్ పట్టుబట్టి రాయించుకున్నారు.

ఆ విచారణ తర్వాత అద్దకం వాళ్లందరికీ నోటీసులొచ్చాయి, తొట్టి నీళ్లు వాగులోకి వదలొద్దని. నాన్న మండిపడ్డాడు. "మీ మేడమ్ మన నోట్లో మట్టి కొట్టింది" అన్నాడు. వారం తిరక్కుండా ఆవిడే మా ఇంటికొచ్చారు. నాన్న కూర్చోమనలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అమ్మకూ నాకూ తల కొట్టేసినట్టయింది. ఆవిడే అరుగు మీద కూర్చుని, "ఒక గ్లాసు నీళ్లిప్పించండి" అని అడిగి, సగం తాగి, మిగిలిన సగంలో మీటరు ముంచారు.

"మీ బోరు నీళ్లూ, వేసవిలో వాగు నీళ్లూ ఒకటేనండీ. దాన్ని లేదని రాస్తే దీన్నీ లేదన్నట్టే" అన్నారు. తొట్టి నీళ్లు నేలలోకి ఇంకకుండా ఎండబెట్టే గుంట ఎలా తీయాలో, వాటినే రెండోసారి ఎలా వాడాలో కాగితం మీద గీసిచ్చి వెళ్లారు. నాన్న ఆ కాగితం ముట్టుకోలేదు. నెల తర్వాత చూస్తే పెరట్లో గుంట తవ్వి ఉంది.

వేసవి కొలతకు నెల కూడా లేదనగా మేడమ్ పోయారు. పెద్దకర్మ రోజు, భోజనాల దగ్గర ఉండగానే, ఆ ఇంజనీరు నాకు ఫోన్ చేశాడు. "పెద్దావిడ పోయారు, పాపం. ఇంక మీకెందుకండీ ఈ తలనొప్పి? నీరు లేదని ఒక సంతకం పెట్టేయండి, అందరం ఎండలో నిలబడే బాధ తప్పుతుంది."

నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. "సంతకం పెడతానండీ. కొలిచాకే పెడతాను. మీరు గొడుగు తెచ్చుకోండి" అని పెట్టేశాను. ఒకవేళ నిజంగానే నీళ్లు లేకపోతే సున్నా నా చేత్తోనే రాయాలి. మేడమ్ ఉన్నా రాయమనేవారు.

మొన్న అమావాస్యకు అందరం తూము దగ్గర చేరాం. వాన పడి నెలలైంది. డెల్టా కాలువలకు నీళ్లు ఆపేశారు. మా వీధిలో ఒక్క పొయ్యీ వెలగలేదు. తూము అడుగున నీళ్లు పలచగా జారుతున్నాయి గానీ, తూము పెదవిని పట్టుకుని కిందికంటా పాకి ఇసుకలోకి పోతున్నాయి. నేను తెచ్చిన బకెట్లో చుక్క పడటం లేదు. "చూశారుగా" అన్నాడు ఇంజనీరు, ఆఫీసరు వైపు తిరిగి. ఆఫీసరు పెన్ను తీశాడు.

అప్పుడు గట్టు మీద నుంచి నాన్న దిగాడు. చేతిలో అరటి దొప్ప ఉంది. పంచె ఎగ్గట్టి తూములోకి వంగి, లోపల బంకమట్టితో చిన్న అడ్డుకట్ట వేసి, దాని నడుమ దొప్ప గుచ్చాడు. పాకే నీళ్లన్నీ అడ్డుకట్ట వెనక చేరి, దొప్ప ఎక్కి, దారంలా బకెట్లోకి పడటం మొదలుపెట్టాయి. నేను స్టాప్‌వాచ్ నొక్కాను. మీటరు ముంచాను. మా బోరు నీళ్ల అంకెకు వెంట్రుకవాసి తేడాలో ఆగింది. ఆఫీసరు వంగి చూసి ఆ అంకె రాసుకున్నాడు.

బకెట్ నిండింది. సెకన్లు పైకి చదివాను. నాన్న మాత్రం దొప్ప తియ్యలేదు. నీళ్లు అంచు దాటి పొర్లి, ఎండిన ఇసుకను నల్లగా తడుపుకుంటూ, గొడుగు కింద నిలబడ్డ ఇంజనీరు బూట్ల దాకా వచ్చాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నీళ్లు ఇంకో అడుగు ముందుకొచ్చాయి.