అమ్మమ్మ ఉప్పేసిన జాడీ

నిన్న సాయంత్రం హైదరాబాదులో, నేనొక్కదాన్నే ఉండే ఫ్లాట్‌లో, నాసిక్ నుంచి వచ్చిన ఎర్ర వైన్ సీసా మూత తీశాను. నేరేడుపండు, తడిసిన చెక్క, వాటి అడుగున ఎక్కడో పులిసిన ద్రాక్ష వాసన. ఆ ఆఖరిది నాకు కొత్త కాదు. మద్యనిషేధం నడిచిన రోజుల్లో, బందరులో, మడి కట్టుకుని వంట చేసే మా అమ్మమ్మ ఊరగాయల గదిలో దాన్ని గుండెలనిండా పీల్చాను. ఆడది వైన్ గురించి రాయడమేమిటని ముక్కు విరిచేవాళ్ళు ఇక్కడితో చదవడం మానేయచ్చు. నాకేం నష్టం లేదు.

అమ్మా నాన్నా దివిసీమలో ఓ పల్లెటూరి బడిలో టీచర్లు. ఇంగ్లీషు మీడియం చదువు పేరు చెప్పి నన్ను బందరులో వదిలేశారు. ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి, పొద్దు వాలకముందే మళ్ళీ బస్సెక్కేవాళ్ళు. మిగిలిన వారమంతా ఆ పెద్ద ఇంట్లో నాతో మాట్లాడే మనిషి మావయ్య ఒక్కడే. గుడివాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. సాయంత్రం వీధరుగు మీద కూర్చుని, ఆయనెక్కిన పాసింజరు పెడన దాటి ఉంటుందా, ఇంకా ఆగి ఉంటుందా అని ఊహించుకోవడమే నా ఆట. మాఘపౌర్ణమికి సముద్రస్నానానికి పాలకాయతిప్ప తీసుకెళ్ళి, చెయ్యి వదలకుండా కెరటాల్లో ముంచేవాడు. నోట్లోకి ఉప్పునీళ్ళు పోయి నేను ఉక్కిరిబిక్కిరైతే, నాకంటే ముందు తనే ఉమ్మేసి నవ్వేవాడు.

మన దేశంలో మంచి వైన్ ఎందుకు తయారవదన్నది ఆయన పిచ్చి. వైన్స్ అని బోర్డు కట్టిన కొట్లలో బ్రాందీ, విస్కీ తప్ప వైన్ చుక్క ఉండేది కాదు. నిషేధంతో ఆ బోర్డులూ పోయాయి. యూనివర్సిటీలో తనతో చదివిన మరాఠీ స్నేహితుడు నాసిక్ దగ్గర ద్రాక్షతోట వేసి, వేసవిలో బెజవాడ వస్తున్నాననీ, ఈలోపు ఒక జాడీ చేసి చూపిస్తే, అది బాగుంటే, మావయ్యని తనతో తోటకి తీసుకుపోతాననీ అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆ జాడీ నాకు శత్రువు.

ద్రాక్ష వెళ్ళిపోతూ, మామిడికాయలు బస్తాల్లో దిగే రోజులవి. మావయ్య గుడివాడ నుంచి బుట్టెడు నల్లద్రాక్ష తెచ్చి, చేత్తో చిదిమి, ఊరగాయ జాడీలో పోసి మూతికి వాసెనగుడ్డ కట్టి, బందరు ఎండకి వేడెక్కకుండా తడిగోనె చుట్టాడు. అమ్మమ్మకి ద్రాక్ష ఊరగాయని చెప్పాడు. నాకు ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నాలు గోనె తడిపే పని నాది. తిట్టుకుంటూ తడిపేదాన్ని. చెవి పెడితే లోపల సన్నగా బుసబుస. "మన దగ్గర ద్రాక్ష లేక కాదే, ఆగే ఓపిక లేక" అనేవాడు మావయ్య.

ఒకరోజు ఆవకాయ కోసం ఖాళీ జాడీ వెతుకుతూ ఆ గదిలోకి వెళ్ళిన అమ్మమ్మ, వాసెన విప్పి నురగ చూసింది. పొంగిన ఊరగాయని బతికించడానికి మా వీధిలో ఏ ఇల్లాలైనా ఏం చేస్తుందో అదే చేసింది.

"పెళ్ళీ పెటాకులూ లేనివాడివి, నీకెందుకురా ఊరగాయలు?" అంది, మావయ్య ఇంకా చెప్పులు విప్పకముందే. "ఉప్పు తగలకపోతే పొంగదూ మరి? రెండు గుప్పెళ్ళు కల్లుప్పేసి, పైన నువ్వులనూనె పోశాను. నేను చూడబట్టి దక్కింది."

మావయ్య జాడీలోకి తొంగి చూశాడు. "మంచిపని చేశావమ్మా" అన్నాడు. గరిటెతో కాస్త తీసి నోట్లో వేసుకుని నా వైపు తిరిగాడు.

"పాలకాయతిప్పే."

నాకు గంతులెయ్యాలనిపించింది. మావయ్య ఇక ఎక్కడికీ వెళ్ళడు.

స్నేహితుడు రానే వచ్చాడు. మావయ్య ఏమీ దాచకుండా ఆ ఉప్పు రసాన్నే గ్లాసులో పోసిచ్చాడు. ఆయన ఒక గుక్క తాగి, పెరట్లోకి పరుగెత్తి ఉమ్మేసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత జాడీలో నూనె పక్కకి తోసి మళ్ళీ వాసన చూశాడు. తడిగోనెని చేత్తో పట్టి చూశాడు. ఇంత ఎండలో, ఉప్పు కింద కూడా పండు వాసన చావకుండా కాపాడినవాడు తనకి కావాలని ఇంగ్లీషులో అన్నాడు. మా బళ్ళు తెరిచేలోపే మావయ్య వెళ్ళిపోయాడు. అబ్బాయికి తన ఉప్పు వల్లే ఉద్యోగం వచ్చిందని అమ్మమ్మ పోయేదాకా అందరికీ చెప్పింది.

మాఘమాసం అక్కడ ద్రాక్షకోతల కాలం. ఆ తర్వాత పాలకాయతిప్పలో నా చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరు. మొదట్లో తమ వైన్ పుల్లగా ఉందని హోటళ్ళవాళ్ళు తిప్పి పంపేశారని ఎస్టీడీ ఫోన్లో నవ్వుతూ చెప్పేవాడు. తర్వాత కొండవాలు తోటలనీ, చలవ గదుల్లో ఉక్కు పీపాలనీ, విదేశాలకి వెళ్ళిన మొదటి పెట్టెలనీ చెప్పేవాడు. వైన్ బాగుపడేకొద్దీ ఫోన్లు తగ్గాయి. రెండేళ్ళ కిందట ఆ తోటల మధ్యే పోయాడు. బందరు ఇల్లు ఇప్పుడు మెడికల్ షాపు. జాడీ ఎవరు పట్టుకుపోయారో తెలియదు.

మొన్న మా ఆఫీసు విందులో ఒకావిడ ఇదే వైన్ తాగి, "మనదేశానిదైనా బానే ఉందండీ" అంది. ఆ "అయినా" మీద ఆవిడతో అరగంట పోట్లాడి, అదే రకం సీసా కొనుక్కొచ్చుకున్నాను. ఒక గుక్క తీసుకుని నాలుక మీద తిప్పాను. పులుపు హద్దులో ఉంది, పండు వాసన నిలబడింది, మావయ్య అడిగిన ఓపికంతా అందులో ఉంది. ఏ దేశపు వైన్ పక్కన పెట్టినా తలవంచుకోదు.

ఉప్పు మాత్రం లేదు.