కడుక్కోని చెయ్యి

ఆ సెంట్ల కంపెనీలో పనిచేసే పది మందిలో ఇద్దరికే ఒంట్లోని భాగాల పేర్లు ఉండేవి. మేడ మీద తక్కెడ ముందు కూర్చుని సెంట్లు కలిపే యజమాని ముక్కాయన. కింద ప్యాకింగ్ గదిలో సీసాలకు లేబుళ్ళు అంటించే ఆవిడ చెయ్యక్క. ఆయన ముక్కు కాస్త పెద్దదే గానీ, ఆ పేరు దాని సైజు చూసి పెట్టింది కాదు. చెయ్యక్క చెయ్యి మాత్రం అందరి చేతుల్లాంటిదే. చూడటానికి అందులో ఏ విశేషమూ లేదు.

పంతొమ్మిదేళ్ళ క్రితం ఆవిడ లేబుళ్ళు అంటించడానికే చేరింది. మూడో రోజున ముక్కాయన సెంటు అద్దిన రెండు కాగితపు ముక్కలు పట్టుకుని మెట్లు దిగి వచ్చి, "కాగితం మీద ఎంత బాగుంటే ఏం లాభం, కాగితం వచ్చి కొనుక్కుంటుందా" అని విసుక్కుంటూ, దగ్గర్లో ఉన్న చెయ్యి పట్టుకుని దాని మీద సెంటు కొట్టాడు. అది ఆవిడ ఎడమ చెయ్యి. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. గులాబీ వేస్తే గులాబీలా, నిమ్మ వేస్తే నిమ్మలా, అందులో కల్తీ సరుకు పడితే కల్తీలా, ఉన్నదున్నట్టు చెప్పే చర్మం తనకు దొరికిందని ఆ రోజే అందరితో అన్నాడు.

అప్పటి నుంచి ఏం కలిపినా ముందు ఆ ముంజేతి మీదే. వేసిన అయిదు నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి తల వంచి వాసన చూసి నల్ల అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. ఆవిడను "అమ్మాయ్" అని పిలిచేవాడు. ముప్ఫై రెండేళ్ళప్పుడు అది సరిగ్గానే ఉంది. యాభై ఒకటి వచ్చినా అదే పిలుపు. పక్కన కూర్చునే అకౌంటెంటుకు ఇబ్బందిగా ఉండేది గానీ ఆవిడకు ఎప్పుడూ లేదు.

ఈ చెయ్యి దర్జా ఇంట్లో ఇంకా ఎక్కువ. పరీక్ష ఉన్న రోజు దానికి మర్నాటి దాకా నీళ్ళు తగలకూడదు, సబ్బు తగలకూడదు, నూనె తగలకూడదు. కాబట్టి గిన్నెలు ఆవిడ భర్త తోమేవాడు. ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. రోజంతా గ్రీజులో మునిగి వచ్చి, చేతులు రుద్దుకుని, మళ్ళీ సింకు ముందు నిలబడేవాడు. వారానికి మూడు రోజులు పరీక్ష ఉంటుందని ఆయన నమ్మకం. నిజానికి రెండే. మూడో రోజు ఆవిడ సొంత కల్పన.

వాళ్ళ ఇంటి రెండో వాటాలో మరిది, తోడికోడలు ఉంటారు. మూడేళ్ళ క్రితం తోడికోడల్ని తీసుకెళ్ళి ప్యాకింగ్‌లో పెట్టించింది చెయ్యక్కే. ముప్ఫై ఏళ్ళ పిల్ల, చురుకైన పనిమంతురాలు, నోరు తెరిస్తే అక్కా అక్కా అంటుంది. పోట్లాడదామంటే ఎక్కడా పట్టు దొరకని మనిషి. అలాంటి వాళ్ళతో ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఇక నలభై ఒకటో నంబరు సంగతి. దాని మీద ముక్కాయన ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఆయనకు ఈసారి నవ్వే పువ్వు వద్దట, చీకట్లో కూర్చున్న పువ్వు కావాలట. ముదిరి నల్లబడిన గులాబీ, దాని కింద చెట్టు బెరడు మీది నాచు, ఇంకా కింద తడిసిన మట్టి. కాగితం మీద అద్భుతంగా ఉంది. ఎండలోంచి పాత రాతి మెట్ల మీదికి అడుగుపెట్టినట్టు, అక్కడ ఎవరో పూలు మర్చిపోయి వెళ్ళినట్టు ఉంది. ఒక సోమవారం పొద్దున దాన్ని చెయ్యక్క చేతి మీద కొట్టాడు. అయిదు నిమిషాలకు వాసన చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. గంటకు మళ్ళీ తల వంచాడు. ఎత్తాడు. మళ్ళీ వంచాడు. ఈసారి నవ్వలేదు.

చెయ్యక్క తనూ వాసన చూసుకుంది. పూలగ్లాసులో వారం రోజులు నీళ్ళు మార్చకపోతే, కాడలు కుళ్ళి అడుగున జిగురు తేలితే, దాన్ని పారబొయ్యడానికి వంగినప్పుడు ముక్కుకు కొట్టేది ఏదో, అది.

ముక్కాయన పుస్తకం తెరిచి, ఏమీ రాయకుండా మూసేశాడు. "కడిగేసుకోండమ్మా" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆయన నోటి నుంచి ఆవిడకు ఒక్క "అండి" రాలేదు. అమ్మాయి కాస్తా ఒక్క గంటలో అమ్మ అయిపోయింది. గౌరవం కూడా ఇంత గట్టిగా తగులుతుందని ఆవిడకు ఆ రోజే తెలిసింది.

తర్వాత కంపెనీలోని చేతులన్నీ వరసగా మేడెక్కాయి. అకౌంటెంటు చేతి మీద ఆ సెంటు, పాత ఫైళ్ళ బీరువా తలుపు తీసినట్టు ఉంది. డ్రైవరు మీద గులాబీ ఎటో పారిపోయి నాచు ఒక్కటే మిగిలి, వానలో తడిసిన కుక్క పక్కన నిలబడ్డట్టు ఉంది. ఊడ్చే ఆవిడ మీద దగ్గుమందు. అమ్మకాలు చూసే అల్లుడుగారి మీద పది నిమిషాల్లో ఏమీ లేకుండా పోయింది, ఆయన ఇచ్చే మాటల్లాగే. ఒకే సీసాలోంచి వచ్చింది ఇన్ని రకాలుగా తయారైతే సీసాను తిట్టాలో మనుషుల్ని తిట్టాలో తెలియక ముక్కాయన నుదురు రుద్దుకున్నాడు. చివరికి తోడికోడలు వెళ్ళింది. ఆ పిల్ల చేతి మీద గులాబీ మొదటి నిమిషంలోనే విచ్చుకుంది, నాచు దాని కింద బుద్ధిగా కూర్చుంది, గంట గడిచినా రెండూ కదల్లేదు. మేడ మీద నుంచి ముక్కాయన నవ్వు కిందికి వినపడింది.

చెయ్యక్క పెరట్లోని కుళాయి దగ్గరకు వెళ్ళింది. తిప్పింది. కాసేపు నీళ్ళ వైపు చూసి కట్టేసింది. సాయంత్రం అదే చేత్తో బస్సెక్కి, దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అంత ఏడుపు దేనికని ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పలేకపోయేది. జీతం లేబుళ్ళకే గానీ చేతికి కాదు, అదెక్కడికీ పోదు. కానీ ఆ చేతి ముందు ఇన్నేళ్ళూ ఒక మనిషి తల వంచేవాడు. ఆమె ఒంట్లో ఏదో నిజం ఉన్నట్టు, అది తనకు తెలిస్తే తప్ప పని సాగనట్టు వంచేవాడు. ఇక వంచడు. అదీ ఆవిడ బాధ.

ఇంటికి వచ్చాక భర్త అలవాటుగా చొక్కా చేతులు మడిచి సింకు దగ్గరకు వచ్చాడు.

"అక్కర్లేదు లెండి. ఇక నా చేతికి ఏ పనీ లేదు. నేనే తోముకుంటా" అంది.

మడిచిన చేతులతో ఏం చెయ్యాలో తెలియక ఆయన పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి, "ఇవాళ ఏం పూశారు? బాగుందే" అన్నాడు.

"డీజిల్‌కీ పెట్రోలుకీ తేడా తెలిస్తే చాలు మీకు" అంది ఆవిడ. ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడేసి ఉంది, ఆవిడకు ఏ వాసనా తెలియడం లేదు.

పక్క వాటాలోంచి గిన్నెల చప్పుడు వినిపించింది. మరిది తోముతున్నాడు. తోడికోడలి చేతికి నీళ్ళు తగలకూడదు కదా.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళింది. "నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది డాక్టరమ్మ. "ఏడాది." "చర్మం పొడిబారుతుంది, చెమట తీరు మారుతుంది. వాసనలు మునుపటిలా ఉండకపోవచ్చు. కంగారు పడకండి, ఇది జబ్బేం కాదు." జబ్బయినా బాగుండేది, మందు ఉండేది అనుకుంటూ వచ్చేసింది.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగింది. "సోమవారం బాగుందన్నారే. నిజంగా అన్నారా, నా ముఖం చూసి అన్నారా?"

"నీ ముఖం చూస్తే ఎవరైనా నోరు తెరుస్తారా?" అన్నాడు భర్త. "నిజంగానే. అయినా అంతకుముందు సెంట్లన్నీ నాకు సెంట్లలాగే ఉండేవి. ఇది అట్లా లేదు."

గురువారం పొద్దున ఎనిమిదింటికి చెయ్యక్క, పరీక్షకు పోగా మిగిలిన నలభై ఒకటో నంబరు సీసా అడుగున ఉన్నదాంట్లోంచి రెండు చుక్కలు ఎవరూ చూడకుండా వేసుకుంది. తొమ్మిదింటికి పూలగ్లాసు నీళ్ళు. పదింటికి ఇంకా చిక్కటి పూలగ్లాసు నీళ్ళు. మొగుడి ముక్కును నమ్మినందుకు తనను తను తిట్టుకుని పనిలో పడింది. మధ్యాహ్నం లేబుళ్ళ చుట్ట కోసం చెయ్యి చాచినప్పుడు గదిలోకి ఎవరో వచ్చారనుకుని తలెత్తింది. ఎవరూ లేరు. ఆ వచ్చింది తన చేతిలోంచే. గులాబీ విడిగా లేదు, నాచు విడిగా లేదు. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళిన కుర్చీలో కూర్చుంటే తగిలే వెచ్చదనం లాంటిది ఏదో ఉంది. సాయంత్రం దాకా ఉంది. మర్నాడు పొద్దున కూడా ఉంది.

మంచి మనిషైతే అప్పుడే మేడెక్కి చెప్పేది. చెయ్యక్క మంచిదే గానీ అంత మంచిది కాదు. "నన్ను కాదన్నవాడు ఆయన. కావాలంటే ఆయనే పిలవాలి" అనుకుంది. రోజూ పొద్దున రెండు చుక్కలు వేసుకుంటూ వారం రోజులు బిగదీసుకు కూర్చుంది. తోడికోడలు ఒకసారి దగ్గరకు వచ్చి, "అక్కా, మీ దగ్గర ఏదో మంచి వాసనొస్తోంది" అంటే, "కొత్త సబ్బు" అని ముఖం తిప్పుకుంది.

ఆ మరుసటి శుక్రవారం, ఊళ్ళోని పెద్ద షాపులకు సరుకు ఎంచే ఆవిడ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి, కళ్ళద్దాలు గొలుసుకు వేలాడుతున్నాయి. తోడికోడలి చెయ్యి వాసన చూసి చాలా బాగుందంది. అంతటితో ఊరుకోకుండా తన మణికట్టు మీద కూడా కొట్టించుకుంది. గంట సేపు మాటలు నడిచాయి. నమూనా సీసాల ట్రే తెమ్మని కింది నుంచి చెయ్యక్కను పిలిచారు. ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి షాపులావిడ మణికట్టు ముక్కుకు దూరంగా పట్టుకుని ఉంది.

"ఇదేంటండీ, పూలగ్లాసు కడిగినట్టుంది. మా షాపుల్లో సెంట్లు కొనేవాళ్ళంతా నా వయసు వాళ్ళే. వాళ్ళకి ఇదెలా అమ్మను?"

ముక్కాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు. ఎనిమిది నెలల పని ఆయన చేతుల్లో చల్లారిపోతోంది. చెయ్యక్కకు జాలేసింది. అబద్ధమెందుకు, కాస్త సంతోషం కూడా వేసింది. రెండింటిలో జాలే పెద్దదై ఆవిడను ముందుకు నెట్టింది. ట్రే కింద పెట్టి, ఎడమ చెయ్యి చాచింది.

"ఇది చూడండమ్మా. పొద్దున ఎనిమిదింటికి వేసుకున్నా."

షాపులావిడ వాసన చూసింది. మళ్ళీ చూసింది. చెయ్యి వదల్లేదు. "ఇదేం సెంటు?"

"మీ చేతి మీదున్నదే. నాకూ ముందు పూలగ్లాసు నీళ్ళే. మన వయసు వాళ్ళ మీద రెండు మూడు గంటలు అట్లా ఏడిపిస్తుంది. తర్వాత తేరుకుంటుంది."

"ఆ మూడు గంటలూ నేనేం చెయ్యాలి?"

"ఏదన్నా పని చూసుకోండి. నేను లేబుళ్ళు అంటించుకున్నా."

ముక్కాయన లేచి వచ్చాడు. ఆ చేతి మీదికి తల వంచాడు. అంతసేపు ఆయన ఎప్పుడూ వంచలేదు, మొదటి రోజున కూడా.

"ఆ సోమవారం కడిగేసుకోమన్నాను కదా" అన్నాడు తలెత్తకుండానే.

"అన్నారు."

"కడుక్కోలేదా?"

"పంతొమ్మిదేళ్ళలో మీరు ఆ మాట ఎప్పుడూ అనలేదు. కుళాయి దాకా వెళ్ళా. మనసొప్పలేదు."

ముక్కాయన బల్ల దగ్గరకు వెళ్ళి, నల్ల అట్ట పుస్తకంలో పదకొండు రోజుల కిందటి ఖాళీ పేజీ వెతికి పట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే అన్నాడు. "అమ్మాయ్, రేప్పొద్దుటి దాకా దానికి నీళ్ళు తగలనివ్వకు."

ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకోవాలనుకుంది చెయ్యక్క. కానీ షాపులావిడ ఆ చెయ్యి ఇంకా వదల్లేదు. అందుకని ఆవిడ ముందే ఏడవాల్సి వచ్చింది.

షాపులావిడ ముందు కాసిని సీసాలే పంపమంది. మూడు గంటలు ఓపిక పట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి తర్వాత చెబుతానంది. ముక్కాయన తోడికోడల్ని కూడా మానిపించలేదు. ఇక నుంచి ఏది కలిపినా రెండు చేతుల మీదా చూస్తానన్నాడు. కిందికి దిగుతూ తోడికోడలు, "కొత్త సబ్బన్నారు కదక్కా" అంది నవ్వుతూ. చెయ్యక్కకు మొదటిసారి ఆ పిల్ల మీద పట్టు దొరికినట్టే దొరికి జారిపోయింది, ఎందుకంటే తనకూ నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ తమ తమ వాటాల్లో గిన్నెలు తోముతున్నారు. చెయ్యక్క చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"మళ్ళీ మొదలా?" అన్నాడు భర్త. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, ఈ పది రోజులూ ఆయనకు సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచలేదు. "వారానికి మూడు రోజులేనా?"

"లేదండీ" అంది చెయ్యక్క, చెయ్యి వాసన చూసుకుంటూ. "ఈ వయసులో చర్మం మారుతుందట. ఇక రోజూ పరీక్షేనట."