‘స్వల్ప గాయాలు’ అన్నారు

నేను సరిహద్దు పోస్టుకు చేరిన రోజు మోకాళ్ల లోతు మంచు. ఇసుక బస్తాల బంకరు, ఒక కిరోసిన్ స్టవ్, ఏడుగురం. కింది పోస్టుకూ మాకూ మధ్య ఒకటే టెలిఫోన్ తీగ. వైర్‌లెస్ బ్యాటరీలు చలికి చచ్చేవి. తీగ ఉంటేనే మాకు దిక్కు.

ఆ తీగను చూసుకునే లైన్‌మన్‌ది కేసముద్రం. నాది పక్క స్టేషను నెక్కొండ అనగానే వాడి మొహం వెలిగిపోయింది.

“ఒక్కటే రైలు మనది! ఇగ నాకేం ఫికరన్నా!”

తీగ తెగితే కళ్లతో వెతికి లాభం లేదు, మంచు కప్పేస్తుంది. అందుకని వాడు కుడిచేతి గ్లవుజు తీసేసి, తీగను పిడికిట్లో వదులుగా పట్టుకుని, దాని వెంటే నడిచేవాడు. కొస తగిలిన చోట తెగినట్టు. అక్కడ ముడి వేసి వచ్చేవాడు. గ్లవుజు వేసుకొమ్మని రోజూ తిట్టేవాణ్ని.

“గ్లవుజుకేం తెలుస్తదన్నా? చేతికే తెలుస్తది.”

ఒక పొద్దున షెల్లింగ్ మొదలైన కాసేపటికే ఫోన్ మూగబోయింది. గుండ్లు ఎటు నుంచి వస్తున్నాయో కిందికి చెప్పాలి. వాడు లేచాడు.

“జర చాయ్ పెట్టుండ్రి. గిట్ల పోయి గట్ల వస్త.”

కాసేపటికి ఫోన్ మోగింది. తీగ కలిపాడు. కిందికి చెప్పగలిగాం. వాడు మాత్రం రాలేదు. వెళ్లి చూస్తే ముడి పక్కనే పడి ఉన్నాడు. కుడి మణికట్టు కింద ఏమీ లేదు. హెలికాప్టర్ ఎక్కిస్తుంటే నా కాలర్ పట్టుకున్నాడు.

“అవ్వకు నేను చెప్పలేనన్నా. నువ్వే చెప్పాలె.”

చెప్తానని మాటిచ్చాను.

సాయంత్రం వార్తల్లో విన్నాం: “మనవైపు స్వల్ప నష్టం. ఒక జవానుకు స్వల్ప గాయాలు.” ఒళ్లు మండిపోయింది. స్వల్పమట! ఏళ్లుగా పేపర్లో చూస్తున్న మాటే, ఆ రోజే మొదటిసారి విన్నట్టయింది.

సెలవు దొరకగానే ఇంటికి కూడా పోకుండా కేసముద్రంలో దిగాను. వాళ్లమ్మ మార్కెట్ యార్డులో మక్కలు చెరుగుతోంది.

“దెబ్బ తగిలిందని ఫోనొచ్చింది. టీవీల స్వల్పమే అన్నరు గద బిడ్డా. మానిందా?”

కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. చాట కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను వచ్చానని ఎవరో చెప్పినట్టున్నారు, ఊరి విలేకరి బండి మీద వచ్చాడు. సంగతంతా అడిగి, ఫోన్‌లో టైపు చేసింది చదివి వినిపించాడు. “స్వల్ప గాయాలతో కోలుకుంటున్న జవాను...”

“ఆ మాట తీసెయ్ తమ్మీ,” అన్నాను.

“అందరం గట్లనే రాస్తమన్నా. ఉన్నది రాస్తే ఇంటోళ్లు బుగులు పడతరని.”

ఆమె కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

“ఇంటిదాన్ని నేనే గద. చెయ్యి పోయిందనే రాయి. నా కొడుకు రైలు దిగంగనే, చెయ్యేదిరా అని ఊరంత అడుగొద్దు. ముందే సదువుకొని ఉండాలె.”

విలేకరి తల దించుకుని ఆ మాట చెరిపేశాడు. ‘కుడిచెయ్యి పోయింది’ అని కొట్టి, నా ముందే పంపాడు. అప్పటిదాకా నేను కదల్లేదు. మర్నాడు అలాగే అచ్చయింది.

లైన్‌మన్ వచ్చిన రోజు నేనూ స్టేషన్‌కు వెళ్లాను. ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదు. వాళ్లమ్మ వాడి ఎడమచెయ్యి పట్టుకుని దింపుకుంది.

ఇప్పటికీ ఇంట్లో బట్టలారేసే తీగ చేతికి తగిలితే చాలు, నాకు అదే కనబడుతుంది. మంచులో వంగి నడుస్తున్న మనిషి, వాడి వట్టి పిడికిట్లోంచి మెల్లగా జారిపోతున్న నల్లటి తీగ.