వంతెన వచ్చేదాకా కిటికీ వద్దు

ఉబ్బసం ఉన్న పిల్లను కలకత్తా డాక్టరుకు చూపించాలనుకునేవాళ్లకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. మా చిన్నికి ఏడేళ్లు. ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా వీధి మొగలోనే లారీలు ఆగుతాయి. చలికాలం వచ్చిందంటే ఆ పొగకు దాని గుండెలో పిల్లికూతలు మొదలవుతాయి. ఈసారి వారం రోజులు బడి మానేసింది. ఇక లాభం లేదని బయలుదేరాం.

ఉదయం ఆరుంపావుకు హౌరా లోకల్. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాను, ఈ లైను నాకు కొట్టిన పిండి. పిల్లకు ఆయాసమనగానే ఆఫీసుకు వెళ్లే ఒక బెంగాలీ అన్నగారు కిటికీ సీటు ఇచ్చేశాడు. లోకల్లో అదొక మర్యాద. ఏడున్నరకు నది మీది కోలాఘాట్ వంతెన. దాని ఇనుప స్తంభాలను ఒకే ఊపిరిలో లెక్కపెట్టడం చిన్ని ఆట. ఆ రోజు పదకొండు దగ్గర ఆగిపోయింది. చలికేమోలే అనుకున్నాను.

ఆందుల్ దాటాక చూడాలి నా తెలివి! పట్టాల పక్కన తగలబెట్టిన చెత్త పొగ, రోడ్డు మీది లారీల పొగ తిన్నగా దాని ముఖానికే కొడుతున్నాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చి మాట పెగలకుండా పోయింది. గాలి చాలడం లేదని నేను షట్టరు ఇంకా పైకెత్తాను. ఎదురు సీట్లో ఉన్న ముసలమ్మ లేచి దాన్ని కిందికి దించేసింది. మాటను బట్టి మన తెలుగావిడే, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు వాళ్ల మనిషే.

"అది గాలి కాదు బాబూ, పొగ. పిల్లని లోపలికి తే. మందు పీల్చే పంపు ఏదీ?"

నలుగురూ చూస్తారన్న సిగ్గుతో పంపును సంచి అడుగున దాచి ఉంచాను. తడుముకుని బయటికి తీశాను. గొట్టాన్ని ఆవిడే చిన్ని మూతికి పట్టి, తన మనవడికీ ఇదేనని, భయం లేదని, మెల్లగా పీల్చమని చెబుతూ కూర్చుంది. ఆవిడ దిగాలన్న సాంత్రాగాఛీ స్టేషను వచ్చింది. గుర్తు చేశాను.

"బళ్లు బోలెడు. ముందు పిల్లకి ఊపిరి కుదుటపడనీ. ఏటి తొందర?"

హౌరాలో చిన్ని ఆకలన్నది. ఆవిడ దాని తల నిమిరి, వెనక్కి వెళ్లే బండి వెతుక్కుంటూ వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు నేను.

పదకొండింటికి డాక్టరు చూశాడు. బళ్ల పొగకు ఊపిరిగొట్టాలు వాచి బిగుసుకుపోతాయన్నాడు. రోజూ పీల్చే మందు రాసిచ్చి, అలవాటైపోతుందని భయపడి మానొద్దన్నాడు. రద్దీ వేళ రోడ్డు పక్కన నడిపించొద్దన్నాడు. కిటికీ సంగతి చెబితే, ఆ ముసలమ్మకు తన నమస్కారం చెప్పమన్నాడు. ఎక్కడని వెతకను?

స్టేషను బయట పూరీ కూర తిని రెండూ నలభై లోకల్ ఎక్కాం. లోపలి వైపు కూర్చున్నాం, పంపు నా చొక్కా జేబులో. సాంత్రాగాఛీ ప్లాట్‌ఫారమంతా కళ్లతో గాలించాను. ఆవిడ కనబడలేదు. కిటికీ దగ్గరి పెద్దమనిషి చోటిస్తానంటే, వంతెన వచ్చాక ఇద్దురు గాని అన్నాను. ఆయన గుర్తుపెట్టుకుని మరీ లేచాడు. నది మీద గాలి చల్లగా, తేటగా ఉంది.

చిన్ని లెక్క మొదలుపెట్టింది. పదకొండు దాటింది. ఇరవై దాటింది. ఇరవై ఏడు దగ్గర ఊపిరి తీసుకుని నా వైపు చూసి నవ్వింది.

అమ్మా, మీరెక్కడున్నారో తెలియదు. పదకొండు తరవాతి అంకెలన్నీ మీరిచ్చినవే.